వంటింటి నేలకి ఏది మంచిది? ఇంట్లో పాకే పాప, పరుగులు పెట్టే బాబు

సహజ (థ్రెడ్ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. వంటగది విప్పేసి కొత్తగా చేయించుకుంటున్నాం. గట్టు, అల్మారాలు, సింకు అన్నీ ఖాయమయ్యాయి. నేల దగ్గరే ఎటూ తేలడం లేదు. ఇప్పుడున్నవి నిగనిగలాడే పాలిష్ టైల్స్. చుక్క నీళ్లు పడితే చాలు, మా నాలుగేళ్ల బాబు జర్రున జారతాడు. పాపకి పది నెలలు. పాకుతోంది, దొరికింది పట్టుకుని నిలబడుతోంది, నేల మీద ఏది కనబడినా నోట్లో పెట్టుకుంటోంది.

షాపులో మ్యాట్ ఫినిష్ (మెరుపు లేని) విట్రిఫైడ్ టైల్స్ చూపించారు. మావారు ఎస్‌పీసీ వినైల్ (ఒకరకం ప్లాస్టిక్ పలకలు) వేయిద్దామంటున్నారు, మెత్తగా ఉంటుంది కాబట్టి పిల్లలు పడ్డా దెబ్బ తగలదని. మా అత్తగారు గ్రానైట్ అయితే ఇంక జన్మలో చూసుకోనక్కర్లేదంటున్నారు. ముగ్గురి మాటా సబబుగానే ఉంది. జారకూడదు, చప్పున శుభ్రం కావాలి, పిల్లలకి హాని చేసే రసాయనాలు ఉండకూడదు. నాకు కావాల్సినవి ఈ మూడే. చిన్నపిల్లల్ని పెంచినవాళ్లు మీ మీ వంటిళ్ల అనుభవం చెప్పండి.

ఇద్దరు_గడుగ్గాయిలు

సహజగారూ, మాది మ్యాట్ విట్రిఫైడే. పిల్లలిద్దరూ దాని మీదే పాకారు, నడక నేర్చారు, పాలు ఒలకబోశారు, క్రేయాన్లతో బొమ్మలు గీశారు. తడిగుడ్డతో పోనిది ఇంతవరకూ లేదు. విట్రిఫైడ్ టైల్ తన బరువులో 0.5 శాతానికి మించి నీరు పీల్చదు, అందుకే మరక లోపలికి దిగదు. మామూలు సిరామిక్ టైల్ చాలా ఎక్కువ పీలుస్తుంది. షాపుల్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి, చూపుకి తేడా తెలియదు. పెట్టె మీద నీటి శోషణ ఎంతో చదివి తీసుకోండి.

చెయ్యి పెట్టి రాస్తే ఉప్పుకాగితంలా గరగరలాడే రకం మాత్రం వద్దు. జిడ్డు ఆ గరుకులో కూరుకుపోతే బ్రష్షు పెట్టి రుద్దినా రాదు. పాకే పిల్లల మోకాళ్లు కూడా గీరుకుపోతాయి.

టైల్స్_మేస్త్రి

"మ్యాట్" అనే మాట చూసి కొనకండమ్మా. "యాంటీ స్కిడ్" అని పెట్టె మీద రాసినా ఆగిపోకండి. షాపులో పొడి టైల్ మీద చెప్పులతో నడిస్తే ఏ టైలూ జారదు. జారుడు పరీక్షలో ఎంత వచ్చిందో అడగండి.

ఆర్-9, ఆర్-10, ఆర్-11 అని అంకెలుంటాయి. వాలు పెంచుకుంటూ పోయే పలక మీద టైల్స్ పరిచి, నూనె పోసి, పని బూట్లు వేసుకున్న మనిషిని నడిపిస్తారు. 6 నుంచి 10 డిగ్రీల వాలు వరకే నిలబడితే ఆర్-9. 19 డిగ్రీల వరకు ఆర్-10. 27 వరకు ఆర్-11. ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. ఆ పరీక్ష బూట్లతో చేసేది. వట్టి కాళ్లకి వేరే పరీక్ష ఉంది, సబ్బు నీళ్లు పోసి చేస్తారు. దాంట్లో ఏ, బీ, సీ అని తరగతులు. ఏ అంటే కనీసం 12 డిగ్రీలు, బీ 18, సీ 24. మీ పిల్లలు వంటింట్లో బూట్లేసుకుని తిరగరు కదా, మీకు పనికొచ్చేది ఈ రెండోదే. ఆర్-10తో పాటు వట్టి కాళ్ల పరీక్షలో బీ ఉన్నది దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. ఆర్-12, ఆర్-13 పెద్ద వంటశాలలకి, ఫ్యాక్టరీలకి. ఇంట్లో వేస్తే తుడవలేక చస్తారు.

కొన్ని పెట్టెల మీద ఆర్ ఉండదు, డీసీఓఎఫ్ అని ఉంటుంది. తడి నేల కాలికి ఎంత పట్టునిస్తుందో చెప్పే అంకె అది, అమెరికా పద్ధతి. తడి అయ్యే చోటుకి 0.42, లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి.

నీలిగచ్చు

ఎస్‌పీసీ మా ఇంట్లో ఉంది కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్తాను. మీవారు అనుకుంటున్నంత మెత్తగా ఉండదండీ. సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి ఒత్తిన గట్టి పలక అది. అడుగున పల్చటి ఫోం పొర ఉంటుంది, అంతే. మెత్తదనమే కావాలంటే చూడాల్సింది కుషన్ వినైల్ షీటు, చుట్టగా వచ్చేది. అది నిజంగానే కాలికి మెత్తగా తగులుతుంది, కానీ కుర్చీ కాళ్లు లాగితే చిరుగుతుంది.

ఎస్‌పీసీలో నాకు నచ్చింది చలికాలంలో అరికాళ్లు జివ్వుమనకపోవడం, గ్లాసు జారిపడితే ఒక్కోసారి పగలకుండా బతికిపోవడం. నచ్చనిది సింకు దగ్గర. పలకకి నీళ్లవల్ల ఏమీ కాదు, నిజమే. కానీ గోడ వార సందులోంచి నీళ్లు కిందికి దిగితే ఆరే దారి ఉండదు. మా సింకు కింద పైపు కారి, అనుమానం వచ్చి పలకలు లేపితే అడుగంతా నల్లటి బూజు. పైనుంచి చూస్తే ఏమీ లేదు! వేయించేటట్టయితే సింకు, డిష్‌వాషర్, గుమ్మం దగ్గర అంచుల వెంట సిలికాన్ కొట్టించండి. రబ్బరు అడుగున్న మ్యాట్లు దాని మీద వేయకండి, రబ్బరుకీ వినైల్‌కీ పడదు, పసుపు మచ్చలు పడతాయి, అవి పోవు. పొయ్యి మీంచి దించిన గిన్నె నేల మీద పెడితే గుండ్రంగా ముద్ర పడిపోతుంది.

సహజ

చాలా థాంక్సండీ. మెత్తదనం గురించి మావారికి చదివి వినిపించాను, ఆలోచనలో పడ్డారు. అయినా నా భయం పోలేదు. టైల్ మీద పాప వెనక్కి పడితే తలకి దెబ్బ గట్టిగా తగలదా? బాబు అప్పుడు చిన్నవాడైనా ఇంత భయపడలేదు, ఇప్పుడెందుకో గుండె దడదడలాడుతోంది.

పిల్లల_వార్డు

సహజగారూ, పిల్లల వార్డులో నర్సుగా చేస్తున్నాను. మీ భయం సహజమే, కానీ దాన్ని సరైన చోటికి మళ్లించాలి. నడక నేర్చే పిల్లలు తమ ఎత్తు నుంచి తాము పడితే చాలావరకు బొప్పి కడుతుంది, పెదవి చిట్లుతుంది. మేం కంగారుపడేది ఎత్తు నుంచి పడ్డవాళ్ల గురించి. గట్టు మీద కూర్చోబెట్టిన పిల్లలు, గట్టు మీద పెట్టిన ఊయల కుర్చీలోంచి జారినవాళ్లు, ఎత్తు కుర్చీలో బెల్టు పెట్టని పిల్లలు. ఆ ఎత్తు నుంచి పడితే కింద వినైల్ ఉందని ధైర్యం తెచ్చుకోవడానికి లేదు. ఎలా పడ్డా సరే, ఆ తర్వాత వాంతులు అవుతున్నా, మత్తుగా ఉన్నా, స్పృహ తప్పినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రెండోది కాలిన గాయాలు. వేడి గిన్నె పట్టుకున్న పెద్దవాళ్లు జారతారు, కాళ్ల దగ్గర ఆడుకుంటున్న పిల్ల మీద పడుతుంది. పిల్లల చర్మం పల్చన, పెద్దవాళ్లకి ఎర్రగా కందేంత వేడికే వాళ్లకి లోతుగా కాలుతుంది. కాబట్టి జారని నేల పిల్లలకి ఎంత అవసరమో, ఆ గిన్నె మోసే మీకూ అంతే అవసరం. నన్నడిగితే పొయ్యి చుట్టూ మూడడుగుల మేర వేరే రంగు టైల్ వేయించండి. "ఆ రంగులోకి రాకూడదు" అంటే నాలుగేళ్ల బాబుకి చక్కగా అర్థమవుతుంది. పాపకి అర్థం కాదు, ఆమెకి గుమ్మంలో గేటే.

ఇద్దరు_గడుగ్గాయిలు

ఆ రంగు గీత మాట ఎంత బాగుందో! నేను ఇన్నాళ్లూ రంగు టేపు అంటిస్తున్నాను, వారానికోసారి ఊడిపోతోంది.

ఆకుపచ్చ_ఇల్లు

రసాయనాల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తాను. టైల్, రాయి అయితే ఈ బాధ లేదు. టైల్ అంటే కొలిమిలో కాలిన మట్టి, అంతే. వినైల్ దగ్గర అడగాల్సింది థాలేట్ల గురించి. పీవీసీని వంగేలా చేయడానికి కలుపుతారు, షీటు వినైల్‌లో ఎక్కువ, గట్టి ఎస్‌పీసీలో ఆ అవసరం తక్కువ. అవి నెమ్మదిగా బయటికొచ్చి ఇంటి దుమ్ములో కలుస్తాయి. దుమ్ముకి దగ్గరగా ఉండేది పాకే పిల్లలే, ఆ చేతులు నేరుగా నోట్లోకే పోతాయి. ఐరోపాలో 2020 జూలై నుంచి నాలుగు రకాల థాలేట్లకి వస్తువుల్లో 0.1 శాతం పరిమితి పెట్టారు. "థాలేట్లు లేవు" అని తయారీదారు కాగితం మీద రాసిస్తేనే కొనండి. ఫ్లోర్‌స్కోర్ గుర్తు కూడా చూడండి, కానీ అది గాలిలోకి వచ్చే ఆవిర్ల గురించి మాత్రమే చెప్తుంది.

లామినేట్ అయితే దాని జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ ఆవిరి సంగతి అడగాలి, అది తక్కువగా వదిలే ఈ-1 తరగతి లేదా అంతకన్నా మెరుగైనది తీసుకోవాలి. అయినా వంటింటికి లామినేట్ వద్దనే అంటాను. లోపలిది ఒత్తిన చెక్కపొట్టు, సింకు ముందర అతుకుల దగ్గర ఉబ్బి లేస్తుంది.

ఇంకొకటి, ఇది అందరికంటే పాత ఇళ్లవాళ్లు చదవాలి. మీ ఇంట్లో దశాబ్దాల నాటి వినైల్ పలకలు ఉంటే, ముఖ్యంగా తొమ్మిదంగుళాల చిన్న పలకలు, కింద నల్లటి జిగురు కనబడితే, చెక్కకండి, అరగదీయకండి. వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి హాని. ముక్క పరీక్ష చేయించేదాకా పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. పలకలు పగలకుండా ఉంటే వాటిని కదపకుండా పైన వేరే నేల వేయడమే చాలాసార్లు మేలు.

కలప_మనిషి

అందరూ టైలూ వినైలూ అంటున్నారు, లినోలియం పేరెత్తినవాళ్లు లేరు. వినైల్‌నే లినోలియం అని అమ్మేవాళ్లూ ఉన్నారు, రెండూ వేరు. అసలు లినోలియం అవిసె నూనె, కార్క్ పొడి, చెక్కపొడి, సున్నపురాయి పొడి కలిపి జనపనార గుడ్డ మీద పరిచేది. 1860ల్లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ కనిపెట్టాడు. రంగు పై పొరలోనే కాక లోపలంతా ఉంటుంది కాబట్టి గీతలు పడినా తెలియవు. కొత్తలో అవిసె నూనె వాసన వస్తుంది, మెల్లగా పోతుంది. ఘాటైన క్షారపు క్లీనర్లు పడవు. మెత్తని సబ్బుతో తుడిస్తే ఏళ్లూ పూళ్లూ ఉంటుంది.

ఇంకా మెత్తనిది కార్క్. నిలబడి వంట చేసేవాళ్ల మోకాళ్లకి హాయి. కానీ ఫ్రిజ్ కాళ్లు దిగబడతాయి, నీళ్లు నిలిస్తే ఉబ్బుతుంది, పైపూత అరిగినప్పుడల్లా మళ్లీ వేయించాలి. పిల్లలు చిన్నగా ఉన్నన్నాళ్లూ ఆ పూత మీద ఓ కన్ను వేసి ఉంచే ఓపిక ఉంటేనే.

టైల్స్_మేస్త్రి

మీ అత్తగారి మాట కూడా తీసిపారేయకండమ్మా. గ్రానైట్ గట్టిది, నిమ్మరసం పడ్డా చెక్కుచెదరదు. చిక్కంతా పాలిష్‌తోనే. తడిస్తే అదీ ఇప్పుడున్న మీ టైల్ లాగే జారుతుంది. లెదర్ ఫినిష్, ఫ్లేమ్డ్ ఫినిష్ అని దొరుకుతాయి, వాటికి పట్టు ఉంటుంది. ఫ్లేమ్డ్ బాగా గరుకు, వంటింటికి లెదరే నయం. లేతరంగు గ్రానైట్ అయితే సీలర్ కొట్టించాలి, లేకపోతే నూనె పీల్చి నల్లబడుతుంది. పాలరాయి జోలికి మాత్రం పోకండి. పులుపు ఏది పడినా పాలిష్ తినేసి తెల్లటి మచ్చ చేస్తుంది, తుడిస్తే పోయేది కాదది.

తెల్లగులాబి

రంగు గురించి ఒక మాట. మురికి కనబడదని చుక్కల డిజైన్ తీసుకోమంటారు. మా ఇంట్లో అదే ఉంది. గాజు గ్లాసు పగిలిన రోజున ముక్కలు వెతుక్కోలేక ఏడుపొచ్చింది. గోధుమ, బూడిద, తెలుపు చుక్కల్లో గాజు పెంకు ఎక్కడని కనబడుతుంది? లైట్లు ఆపేసి, టార్చి నేలకి ఆనించి పక్కవాటుగా వేస్తే మూల మూలల్లో తళుక్కుమన్నాయి. ఊడ్చి, తడి కాగితంతో ఒత్తి, మళ్లీ టార్చి వేసి చూశాకే పాపని దింపాను. పాకే పిల్ల ఉన్న ఇంట్లో ఒకే రంగు, మధ్యరకం ఛాయ, డిజైన్ లేనిది మేలు. బటన్ బ్యాటరీ పడినా, మాత్ర పడినా కంటికి ఆనాలి.

ఇద్దరు_గడుగ్గాయిలు

బటన్ బ్యాటరీ మాట ఒక్కటి చాలు, నేను చుక్కల వైపు చూడను. మింగితే గొంతులో లోపలంతా కాల్చేస్తుంది. అది పడ్డ సంగతి వెంటనే తెలియాలి.

మూలమీద_మరక

టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ గురించి ఎవరూ మాట్లాడరేం? టైల్ ఎంత మంచిదైనా ముందు పాడయ్యేది సందులే. సిమెంటు గ్రౌట్ నూనె పీల్చి ఆరు నెలలకే నల్లగీతలవుతుంది. ఎపాక్సీ గ్రౌట్ వేయించండి, మరక పట్టదు, పిల్లలు ఒలకబోసిన పాలు సందుల్లో ఇంకి వాసన రావు.

టైల్స్_మేస్త్రి

ఎపాక్సీ మంచిదే, నేనూ ఒప్పుకుంటాను. కానీ అలవాటు లేని చేతికి ఇవ్వకండి. అది గట్టిపడేలోపు టైల్ మీద తడి స్పాంజితో తుడిచేయాలి. ఆలస్యమైతే టైల్ మీద మసక పొర ఉండిపోతుంది, మ్యాట్ టైల్ మీద అయితే గోకినా రాదు. నేర్పున్న మనిషి దొరక్కపోతే సిమెంటు గ్రౌట్ వేయించి, ఆరాక లోపలికి ఇంకే రకం సీలర్ కొట్టించి, అప్పుడప్పుడూ మళ్లీ కొట్టించుకోండి. రంగు టైల్ కన్నా ఒక్క ఛాయ ముదురు తీసుకోండి.

చాలామంది సందులే కనబడకూడదని పెద్ద పెద్ద పలకలు అడుగుతున్నారు. చిన్న టైల్స్‌కి సందులు ఎక్కువ, తుడవడం కష్టమే, కానీ ఆ సందులే కాలికి పట్టునిస్తాయి. సింకు ముందు మాత్రం చిన్న సైజు వేయించుకున్నవాళ్లు నాకు తెలుసు, బాగుంది.

మూలమీద_మరక

మేస్త్రిగారూ, మ్యాట్ టైల్ మీద మసక మాట నాకు తట్టలేదు, మంచి మాట చెప్పారు. అయినా నేర్పున్న మనిషి కోసం నెల్లాళ్లు ఆగైనా సరే ఎపాక్సీయే వేయిస్తాను. రోజూ తుడిచేది మనమే కదా.

పిల్లల_వార్డు

తుడవడం అన్నారు కాబట్టి ఇంకో మాట. ఆర్-10 టైల్ వేయించుకుని "అయినా జారుతోంది" అనేవాళ్ల ఇళ్లలో చాలాసార్లు తప్పు టైల్‌ది కాదు. బకెట్లో సబ్బు ద్రవం ధారాళంగా పోసి తుడుస్తారు, మళ్లీ మంచినీళ్లతో తుడవరు. సబ్బు, నూనె కలిసి పల్చటి పొర కడుతుంది. ఆరితే కనబడదు, తడి తగిలితే జారుతుంది. సబ్బు తక్కువ, చివర మంచినీళ్లు, ఆ తర్వాత పొడిగుడ్డ. బ్లీచునీ, బాత్రూముకి వాడే యాసిడ్ క్లీనర్‌నీ ఒకే బకెట్లో కలపడం మాత్రం ఎప్పుడూ చేయకండి, క్లోరిన్ వాయువు వస్తుంది.

సహజ

మేస్త్రిగారు చెప్పిన పరీక్షల సంగతి చదివాక నాలుగు నమూనా పలకలు ఇంటికి తెచ్చుకున్నాం. మ్యాట్ విట్రిఫైడ్ రెండు, లెదర్ గ్రానైట్ ముక్క, ఎస్‌పీసీ. సబ్బు నీళ్లలో చుక్క నూనె వేసి పలకల మీద పోసి, మావారి చెయ్యి పట్టుకుని వట్టి కాళ్లతో అరికాలు తిప్పి చూశాను. రెండు మ్యాట్ టైల్స్‌లో ఒకటి నిలబెట్టింది, రెండోది జారింది! చేత్తో రాస్తే రెండూ ఒకేలా ఉన్నాయి, పెట్టె మీద చూస్తే జారినది ఆర్-9. గ్రానైట్ బాగానే ఉంది. ఎస్‌పీసీ పొడిగా ఉన్నప్పుడు హాయిగా ఉంది, నూనె పడ్డాక నమ్మబుద్ధి కాలేదు. రాత్రంతా నిమ్మచెక్క, నూనె, స్కెచ్ పెన్ను గీత వదిలేసి పొద్దున్నే తుడిచాను. ఆర్-10 టైల్ మీద ఏదీ మిగల్లేదు. గ్రానైట్ మీద నూనె మచ్చ లీలగా ఉంది, దానికి సీలర్ లేదు కాబట్టి తప్పు పట్టను.

ఆర్-10 మ్యాట్ విట్రిఫైడ్, లేత బూడిద రంగు, డిజైన్ లేనిది తీసుకుంటున్నాం. పొయ్యి చుట్టూ ముదురు నీలం. మా అత్తగారికి గుమ్మం పట్టీగా గ్రానైట్ వేయిస్తానన్నాను, సంతోషించారు. వేసేటప్పుడు పక్కనుండి ఏం చూసుకోవాలి?

టైల్స్_మేస్త్రి

మంచి నిర్ణయం తల్లీ. పాత టైల్ మీదే వేస్తామంటే ముందు డొల్లలు ఉన్నాయేమో కొట్టి చూడమనండి, ఎత్తు పెరిగి గుమ్మం దగ్గర మెట్టు పడుతుందేమో కూడా చూసుకోండి. అరంగుళం మెట్టయినా పిల్లలు తట్టుకుని పడతారు. గుమ్మం పట్టీ అంచు వాలుగా చెక్కించండి.

పళ్ల తాపీతో జిగురు గీతలుగా పరచాలి. నాలుగు మూలలా, మధ్యలో ముద్దలు పెట్టి టైల్ అంటించేస్తే ఒప్పుకోకండి. ముద్దల మధ్య డొల్ల ఉండిపోతుంది, దాని మీద బరువైన గిన్నె పడితే టైల్ పగులుతుంది, ఆ పగులు అంచు పాకే పిల్ల చేతికి కత్తే. మొదటి టైల్ వేయగానే ఒకసారి ఎత్తి వెనక చూపించమనండి, జిగురు దాదాపు అంతటా అంటి ఉండాలి. ఆరాక నాణెంతో తట్టుకుంటూ వెళ్లండి, డొల్ల శబ్దం వచ్చిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. పదో వంతు టైల్స్ ఎక్కువ కొని, అదే బ్యాచి నంబరు పెట్టె ఒకటి అటక మీద దాచుకోండి. తర్వాత కొంటే రంగు కలవదు.

అద్దెకుంటున్నాం

ఇదంతా చదివి ఆశ పుట్టింది, కానీ మాది అద్దిల్లు. పాలిష్ టైల్ తీయడానికి ఇంటివాళ్లు ఒప్పుకోరు. ఏడాది బాబు ఉన్నాడు. ఫోం ముక్కలు ఒకదానికొకటి తగిలించే మ్యాట్ వేస్తే చాలా?

ఆకుపచ్చ_ఇల్లు

వంటింట్లో ఫోం మ్యాట్ వద్దండీ. కింద తడి చేరి బూజు పడుతుంది, అంచులు లేచి కాలికి తగులుతాయి, పిల్లలు ముక్కలు కొరికి మింగుతారు. కొన్ని ఫోం మ్యాట్లలోంచి ఫార్మమైడ్ అనే హానికర రసాయనం బయటికొస్తుందని ఐరోపా బొమ్మల నిబంధనల్లో దానికి హద్దు కూడా పెట్టారు. ఆడుకునే గదిలో వేసుకోవాలన్నా ఆ పరీక్ష అయినది తీసుకుని, విప్పి కొన్నాళ్లు గాలికి ఆరబెట్టండి.

టైల్స్_మేస్త్రి

సింకు ముందు, పొయ్యి ముందు అడుగున పట్టున్న రబ్బరు మ్యాట్లు పల్చగా, అంచు వాలుగా ఉన్నవి వేయండి. మీది టైల్ కాబట్టి రబ్బరుతో మచ్చ పడే భయం తక్కువ. రోజూ ఎత్తి కింద ఆరబెట్టాలి. జారకుండా చేసే ద్రవం కూడా దొరుకుతుంది, టైల్ పైభాగాన్ని కంటికి కనబడనంత సన్నగా గరుకు చేస్తుంది, మెరుపు కాస్త తగ్గుతుంది. ఇంటివాళ్లని అడిగి, ఫ్రిజ్ వెనక మూల టైల్ మీద పూసి చూపించండి. వాళ్లు సరేనంటే సింకు ముందు నాలుగు టైల్స్‌కి పూయండి, గది మొత్తానికి అక్కర్లేదు.